ఎంత ఎడం?

మా అవ్వ రాగిచేలో ఒత్తుగా మొలిచిన పైరును పీకి గట్టున పడేస్తుంటే, ఆరేడేళ్ల వయసులో ఒకసారి అడిగాను: "బతికున్నదాన్ని ఎందుకు పీకుతావవ్వా?" అని. ఆమె వంచిన నడుము ఎత్తకుండానే, "ఇది పోతేనే అది కంకి వేసేది" అంది. "మరి పోయేది ఇదే ఎందుకు కావాలి?" అన్నాను. దానికి అవ్వ జవాబు చెప్పలేదు. ఎండ ముదిరేలోగా సాలు ముగించాలి కదా. ఆ రెండో ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

పెద్దయ్యాక ఆ ప్రశ్నే నాకు అన్నం పెట్టింది. హోసూరు పక్క పల్లెలో పుట్టినవాణ్ణి, 1972లో అటవీ ఉద్యోగంలో చేరి నీలగిరి కొండల్లో చాలా ఏళ్లు తిరిగాను. ఆ కొండల మీద సహజంగా ఉండేవి పచ్చికబయళ్లు, లోయల మడతల్లో షోలా అడవులు. ఆ పచ్చికల మీద ఇంగ్లీషువారి కాలం నుంచి నీలగిరిచెట్లు, వాటిల్ చెట్లు, ఆ తర్వాత మెక్సికో దేశపు పైన్ చెట్లు నాటుతూ వచ్చారు. గడ్డినేలల్లో అలా నాటడమే పొరపాటని ఈనాడు తెలిసినవారు చాలామంది అంటున్నారు, నేనూ అంటాను. ఆ సంగతి మరోసారి. నాటిన చెట్లను ఏం చేయాలన్నది ఇప్పటి ప్రశ్న.

నేను మొదటిసారి పైన్ తోటలో రంగుడబ్బా పట్టుకుని నిలబడ్డది 1976లో. రెండు మీటర్లకొకటి చొప్పున నాటిన తోట. అంటే హెక్టారుకు రెండున్నర వేల చెట్లు. అవి ఎదిగి ఒకదాని తల ఒకదానికి తగులుతోంది. లోపల పట్టపగలే మసకచీకటి. నేల మీద ఎండు సూదులు తప్ప గడ్డిపరక లేదు. వాటిలో కొన్నిటికి నేను ఎర్రగీత గీయాలి. గీత పడ్డవి మర్నాడు గొడ్డలికి పోతాయి. నేను మొదళ్లు చూసి, సన్నవాటికి గీస్తూ పోతున్నాను. వెంట వచ్చిన ముసలి గార్డు ఆపాడు. "మొదలు చూడొద్దు సార్, తల చూడండి. తల చిన్నదైపోయిందంటే దాని కథ ముగిసినట్టే. ఎడమిచ్చినా కోలుకోదు" అన్నాడు. ఆయన బడికి పోయినవాడు కాదు. అయినా అడవి శాస్త్రం పుస్తకాలు తర్వాత నాకు చెప్పింది అదే. పచ్చని కొమ్మలున్న భాగం చెట్టు ఎత్తులో మూడోవంతుకన్నా బాగా తగ్గిపోతే, ఆ తర్వాత చుట్టూ జాగా చేసినా చెట్టు చప్పున అందుకోలేదు.

ఈ చెట్ల లెక్క కాస్త చెబుతాను. తర్వాతి మాటలకు ఇదే ఆధారం.

శంకువుల్లాంటి కాయలు కాసే చెట్లను ఒకే వయసులో ఒకేచోట నాటితే, వాటి ఎత్తు ప్రధానంగా నేలసారాన్ని బట్టి ఉంటుంది. మరీ ఒత్తు, మరీ పలచన కాకుంటే, దగ్గరగా నాటినా ఎడంగా నాటినా పైవరుస చెట్లు ఇంచుమించు ఒకే ఎత్తుకు పోతాయి. తేడా అంతా లావులో ఉంటుంది. ఎడంగా ఉన్న చెట్టుకు కొమ్మలు కిందిదాకా నిలుస్తాయి, మొదలు బలుస్తుంది, వేరు పాకుతుంది. ఒత్తులో ఉన్నదానికి కింది కొమ్మలు వెలుతురు లేక ఎండి రాలిపోతాయి. మాను నిటారుగా, సన్నగా, ముడులు లేకుండా వస్తుంది. వడ్రంగికి అదే కావాలి. గాలికి మాత్రం అది లోకువ. ఇరవై మీటర్ల చెట్టుకు ముప్పై సెంటీమీటర్ల లావుంటే, ఎత్తు లావుకు అరవై ఏడు రెట్లు. అదే ఎత్తుకు ఇరవై సెంటీమీటర్లే ఉంటే వంద రెట్లు. ఎనభై దాటితే భయం, వంద దాటితే మంచుబరువుకో గాలివానకో ఎప్పుడైనా పడవచ్చునని ఈ విద్య తెలిసినవారి లెక్క.

మరి ఆ వంద రెట్ల చెట్లు అంతకాలం ఎలా నిలబడతాయి? ఒకదాన్నొకటి పట్టుకుని. గాలి వీస్తే తలలు తగిలి ఊపు చచ్చిపోతుంది. అంచున ఉన్న చెట్లు గాలిని మోస్తాయి, లోపలివాటికి అది చేరదు. యానాం, గంజాం తీరాల్లో సరుగుడు తోట చూసినవారికి ఈ దృశ్యం పరిచితమే. సరుగుడు ఈ కోవ చెట్టు కాదు, పైకి అలా కనిపిస్తుందంతే. అయినా ఒత్తులో బతికే పద్ధతి అదే.

ఇక్కడే మొదటి చిక్కు. ఒత్తుగా ఎదిగిన తోటను ఒక్కసారిగా పలచన చేస్తే, మిగిలిన చెట్లు బలపడేలోగా కూలిపోవచ్చు. ఆసరా పోయింది, సొంత బలం ఇంకా రాలేదు. ఆ మధ్య నాలుగైదేళ్లు గండం. అందుకే బ్రిటన్ ఎగువ ప్రాంతాల్లో, వేరు లోతుకు దిగని తడినేలల్లో, గాలి ఎక్కువగా ఉండే చోట్ల స్ప్రూస్ తోటలను అసలు పలచన చేయకుండానే పెంచి, ఒకేసారి కొట్టుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఆలస్యంగా చేసే మేలు కన్నా ముట్టుకోకపోవడమే మేలని వారి అనుభవం.

సరే, మా అవ్వను అడిగిన ప్రశ్నకు వస్తాను. కొన్ని నిలవడానికి కొన్నిటిని కొట్టడం న్యాయమా?

కొట్టకపోతే ఎవరూ చావరు అనుకుంటే ఈ ప్రశ్న తేలికే. కానీ కొట్టకపోయినా చస్తాయి. 1963లో జపానులో క్యోజి యోదా, ఆయన సహచరులు ఒత్తుగా పెరిగే మొక్కలను కొలిచి ఒక సూత్రం చెప్పారు. జాగా నిండిపోయాక, మొక్కలు పెరగాలంటే కొన్ని రాలిపోవాల్సిందే. వాటి సంఖ్య నాలుగోవంతుకు తగ్గేసరికి మిగిలినవాటి సగటు బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. ఆ నిష్పత్తి అన్ని జాతులకూ అచ్చంగా ఒకటే కాదని తర్వాతివారు తేల్చారు గానీ, మూలసత్యం మారలేదు. మనం గీత గీయకపోతే చీకటే గీస్తుంది. కాబట్టి "నేను చేయి పెట్టలేదు, నాకు పాపం లేదు" అనేవాడి మాట నిజం కాదు. వాడు నాటినప్పుడే చేయి పెట్టాడు.

అలాగని కొట్టినవాడు పుణ్యాత్ముడూ కాడు. నాకు ఉద్యోగంలో చాలా ఏళ్లకు గాని అర్థం కాని సంగతి ఒకటుంది. పలచన చేయడం వల్ల అడవి మొత్తంగా ఎక్కువ పెరగదు. చాలా మేరకు, ఆ నేల ఏటా ఇవ్వగల కలప ఇంచుమించు అంతే. పలచన చేస్తే అది తక్కువ మానుల్లోకి చేరుతుంది. పదిమంది తినే ముద్దను నలుగురికి పెడతాం. ఆ నలుగురూ బలుస్తారు. బలిసిన మానుకు అంగడిలో ధర ఎక్కువ. అంటే నా ఎర్రగీత వెనక ఉన్నది అడవి మేలు మాత్రమే కాదు, అమ్మేవాడి మేలు కూడా. వంకర చెట్టు నాకు చెడ్డది, దాని కొమ్మలో గూడు పెట్టిన పిట్టకు మంచిది. "మంచి చెట్టు", "చెడ్డ చెట్టు" అనే మాటలు చెట్టులో లేవు, గీసేవాడి అవసరంలో ఉన్నాయి.

ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, తోటమాలి పోలికను మనుషుల మీదికి తెచ్చేవాళ్లు లోకంలో ఎప్పుడూ ఉన్నారు. సమాజంలోనూ బలహీనులను ఏరివేస్తే బలమైనవాళ్లు బాగుపడతారని వాదించి, చేసి చూపించి, ఇరవయ్యో శతాబ్దాన్ని రక్తంలో ముంచినవారు ఉన్నారు. ఆ పోలిక మొదట్లోనే తప్పు. తోటను ఒకడు తన పని కోసం నాటాడు కాబట్టి ఏది అక్కరలేదో చెప్పగలడు. మనుషులను ఎవరూ ఎవరి పని కోసమూ నాటలేదు. గీత గీసే హక్కు ఇక్కడ ఎవరికీ లేదు.

అయితే అడవి నుంచి మనిషి నేర్చుకోవలసింది ఏమీ లేదా? ఉంది. కానీ దాన్ని నేను అడవిలో కాక, నా ఇంట్లో నేర్చుకున్నాను. అదీ ఆలస్యంగా.

మా నాయన 1968లో పోయారు. అప్పటికి నాకు పద్దెనిమిది, తమ్ముడికి పది. నాలుగెకరాల మెట్టచేను, అమ్మ, అవ్వ. ఇంటిబరువు నా మీద పడింది, మోశాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడను. సిగ్గుపడేది మోసిన తీరుకు. తమ్ముడు ఏ బడికి పోవాలో, ఏ చదువు చదవాలో, చేలో ఏం వేయాలో, ఏ చొక్కా కొనుక్కోవాలో అన్నీ నేనే. కొండల మీద ఉన్నా జాబు రాసి చెప్పేవాణ్ణి. ఎవరితోనైనా గొడవ వస్తే నేనే దిగివచ్చి తీర్చేవాణ్ణి. సంతలో వాడు బేరమాడి ఎరగడు. లేదు అనడం, కాదు అనడం వాడికి ఎప్పుడూ అవసరం పడలేదు. ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు. "అన్నంటే అట్లుండాల" అన్నారు. వాడు నాకంటే పొడుగ్గా, చక్కగా, ఎవరినీ నొప్పించకుండా ఎదిగాడు. ఒత్తులో పైన్‌చెట్టు అలాగే ఎదుగుతుంది.

1986లో ఆడవాళ్ల మధ్య మాటామాటా వచ్చింది. నాకు కోపం వచ్చింది. ఒక్క ఆదివారం నాడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి చేను పంచి, "ఇక నీ బతుకు నీది" అని చెప్పి మర్నాడు బస్సెక్కాను. పద్దెనిమిదేళ్ల ఆసరా ఒక్కరోజులో తీసేశాను. నా వాటా రెండెకరాలు, వాడి వాటా రెండెకరాలు. వాడు మల్బరీ వేశాడు, పట్టుపురుగులు పెంచాడు, అది బాగానే ఉండేది. కానీ స్నేహితుడొకడు అడిగితే అప్పుకు జామీను సంతకం పెట్టాడు. ఇంకొకడు అడిగితే ఇంకొకటి. కాదనడం రాదు కదా. మూడేళ్లలో రెండెకరాలూ పోయాయి. నాకు ఆ వార్త జాబులో వచ్చిన రోజున నేను తోటలోనే ఉన్నాను. అంతకుముందు వారమే గాలివాన వచ్చి, ఏడాది కిందట మేమే పలచన చేసిన తోటలో ఒక చెక్క మొత్తం నేలకు పడింది. చాలా ఏళ్లు ఆలస్యంగా చేసిన పలచన అది. పడ్డ చెట్లన్నీ అందమైనవే. నిటారుగా, ముడులు లేకుండా ఉన్నాయి. వాటి వేళ్లపళ్లెం మాత్రం రాగిదంచే రోలంత కూడా లేదు. పడ్డ మాను మీద కూర్చుని ఆ జాబు రెండోసారి చదివాను.

ఆస్ట్రేలియాలో ఎం. ఆర్. జేకబ్స్ అనే అటవీ శాస్త్రవేత్త 1954లో ఒక ప్రయోగం ప్రచురించాడు. కొన్ని పైన్‌చెట్లను గాలికి ఊగకుండా తీగలతో బిగించి కట్టాడు, మరికొన్నిటిని ఊగనిచ్చాడు. కట్టిన చెట్లకు మొదలు దగ్గర లావు రాలేదు. తర్వాత తీగలు విప్పితే గాలికి నిలవలేకపోయాయి. ఆ ఊపే చెట్టుకు చదువు అన్నమాట. ఎటు ఊగితే అటు బలం పెట్టుకోవాలని మానుకూ వేరుకూ తెలిసేది దానితోనే. ఈ ప్రయోగం గురించి నేను చదివేసరికి మా తమ్ముడి చేను పోయి చాలా కాలమైంది.

మా తమ్ముణ్ణి కట్టిన తీగలు ప్రేమతో కట్టినవే. విప్పింది కోపంతో. కానీ ప్రేమతో విప్పినా ఫలితం అదే అయ్యేదని ఇప్పుడనుకుంటాను. నా తప్పు కోపంలో సగమే ఉంది. మిగతా సగం, విప్పవలసిన రోజులు ఒక్కొక్కటే గడిచిపోతుంటే చూడకపోవడంలో ఉంది. పన్నెండేళ్లప్పుడు సంతకు ఒంటరిగా పంపి, పదిరూపాయలు మోసపోయి రానిస్తే సరిపోయేది. నేను పదిరూపాయలు కాపాడి రెండెకరాలు పోగొట్టాను.

ఒత్తుగా నాటడమే తప్పా అంటే, కాదు. దీనికి జపాను దేశమే రెండు వైపులా సాక్ష్యం. అక్కడ యోషినో అనే పాత అడవిసీమలో సుగి చెట్లను హెక్టారుకు ఎనిమిది వేలు, పది వేలు చొప్పున నాటే ఆచారం ఉండేది. మా తోటకు మూడు నాలుగు రెట్ల ఒత్తు. అయినా అవి కూలలేదు. ఎందుకంటే చిన్నప్పటి నుంచే, కొద్దికొద్దిగా, మళ్లీమళ్లీ పలచన చేస్తూ వందేళ్లకు పైగా పెంచేవారు. సన్నని వలయాలతో, ముడులు లేని ఆ కలపను సాకే మద్యం పీపాలకు వాడేవారు. చెట్ల సొంతదారులు దూరాన పట్నాల్లో ఉన్నా, 'యమమోరి' అనే కాపరులు తరతరాలుగా ఆ కొండల్లోనే ఉండి చూసుకునేవారు.

రెండోవైపు చూడండి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్లు కట్టడానికి కలప కావాలని, 1950ల్లో, 60ల్లో దేశమంతటా వెడల్పాకుల అడవులు కొట్టి సుగి, హినోకి చెట్లు నాటారు. హెక్టారుకు మూడు వేలు మామూలు లెక్క. ఈనాడు ఆ దేశపు అడవుల్లో సుమారు కోటి హెక్టార్లు, అంటే నూటికి నలభై వంతులు, మనిషి నాటినవే. నాటినవారి ఊహ ఏమిటంటే, తమ పిల్లలు వచ్చి పలచన చేస్తారు, మనుమలు కోసుకుంటారు. అయితే 1964 నాటికి విదేశీ కలపకు తలుపులు తెరిచారు. 1980 తర్వాత కలప ధర పడిపోయింది. పిల్లలు పట్నాలకు పోయారు. చెట్టు కొట్టి దించే కూలికి కూడా ధర రాకపోతే కొండెక్కేదెవరు? తోటలు చీకటిపడ్డాయి. హినోకి తోటల్లో రాలిన ఆకు చిన్నచిన్న పొలుసులుగా విడిపోయి వానకు కొట్టుకుపోతుంది. కింద గడ్డి లేదు కాబట్టి మన్నూ పోతుంది. 1991 సెప్టెంబరులో వచ్చిన పంతొమ్మిదో నంబరు తుపానుకు క్యూషూ ఉత్తరభాగంలో తోటలకు తోటలు పడ్డాయి. 2019లో చీబా ప్రాంతంలో, చూసేవారు లేక మాను పుచ్చిన సుగి చెట్లు విద్యుత్తు తీగల మీద పడి, కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. వసంతంలో సుగి పుప్పొడి దేశంలో కోట్లమందిని తుమ్మిస్తోంది. చివరికి 2003లో కోచి రాష్ట్రం అడవుల కోసమని మనిషికి ఏడాదికి 500 యెన్‌ల పన్ను వేసింది. 2024 నుంచి దేశమంతటా మనిషికి 1000 యెన్‌ల పన్ను వచ్చింది. ఆ డబ్బులో పెద్ద పని తాతలు నాటిన చెట్లను పలచన చేయించడమే.

యోషినో తాతలకూ, యుద్ధానంతరపు తాతలకూ తేడా చెట్ల మధ్య ఎడంలో లేదు. దగ్గరగా నాటడమంటే మాట ఇవ్వడం. "నేను మళ్లీ వస్తాను, మళ్లీ మళ్లీ వస్తాను" అని ఆ మొక్కలకు మాట ఇవ్వడం. యోషినోలో ఆ మాట నిలబెట్టే మనుషులు ఉన్నారు. రెండోచోట, ఇంకా పుట్టని పిల్లల పేరు మీద మాట ఇచ్చారు. పిల్లలు ఆ మాట వినలేదు, ఒప్పుకోలేదు, వారికి వేరే బతుకు దొరికింది. అందులో పిల్లల తప్పు ఎంత? నాటినవారి తప్పు ఎంత? ఆకలి రోజుల్లో మంచి ఉద్దేశంతో నాటిన తాతలను నేను తప్పుపట్టలేను. కానీ ఒకటి చెప్పగలను. మనం రానని తెలిసినచోట, వచ్చేవారు ఎవరో తెలియనిచోట, ఎడంగా నాటాలి. ముడులు పడితే పడనీ, కొమ్మలు అడ్డదిడ్డంగా పోతే పోనీ. ఆ చెట్టు మన కోసం అందంగా ఉండదు, మనం లేకపోయినా నిలబడుతుంది.

అవ్వ చెప్పని జవాబు నాకు పూర్తిగా దొరికిందని అనను. "పోయేది ఇదే ఎందుకు?" అన్నదానికి న్యాయమైన జవాబు లేదనుకుంటాను. పీకేవాడి అవసరం, పీకేరోజు చేతికి ఏది అందిందో అది, అంతే. అందుకే ఆ పని చేసేవాడికి గర్వం ఉండకూడదు. అవ్వ పీకిన పైరును తొక్కేది కాదు. గట్టున కుప్పవేసి సాయంత్రం ఆవుకు వేసేది.

మా తమ్ముడికి ఇప్పుడు డెబ్బై దాటే వయసు దగ్గరపడుతోంది. చేను పోయాక ఇరవై ఏళ్లు కూలిపనీ, కాపలా పనీ చేశాడు. కాదనడం ఆ ఇరవై ఏళ్లలో నేర్చుకున్నాడు. నేను ఉద్యోగం మానాక నా రెండెకరాల్లో ఒక ఎకరం వాడి పేర రాశాను. దాన్ని పెద్దమనసు అనకండి, బాకీలో కొంత.

మొన్న తొలకరికి వాడు ఆ ఎకరంలో మామిడి మొక్కలు నాటుతుంటే చూడటానికి పోయాను. అడుగులతో కొలిచి గుంతలు తవ్విస్తున్నాడు. మరీ దగ్గర. పన్నెండు అడుగులు కూడా లేవు. నాలుక చివరి దాకా మాట వచ్చింది. యాభై ఏళ్ల అలవాటు కదా. వాడు నా మొహం చూసి, "దగ్గరైందా అన్నా?" అన్నాడు.

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

"తొందరగా కాపుకు వస్తాయని వేస్తున్నా. పెద్దవయ్యాక ఒకటి విడిచి ఒకటి తీసేస్తాను" అన్నాడు.

తీస్తాడా, తీయబుద్ధి పుట్టదా? కాసే చెట్టును కొట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజుకు నేను ఉండకపోవచ్చు. గుంతల్లో ఎరువు కలపడానికి పార అందుకుని, ఇంకేమీ అనకుండా వాడి వెనక నడిచాను.